పుస్తకంలో చలికాలం వేరు, మా పెరట్లో చలికాలం వేరు

(మిద్దెతోటలు పెంచుకునేవాళ్ళ నెలవారీ కలయికలో, జనవరి రెండో ఆదివారం పొద్దున చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరును పెద్దగా మార్చకుండా రాసుకున్నది.)

అందరికీ నమస్కారం. పదింటికి మొదలుపెడదాం అన్నారు, పదిన్నర అయింది. నాకేం కోపం లేదు. ఈ నెలలో మా తేనెటీగలు కూడా ఎనిమిదిన్నర దాకా గడప దాటవు. వాటినే ఏమీ అనను, మిమ్మల్నేం అంటాను?

చలికాలంలో తోట గురించీ తేనెటీగల గురించీ మాట్లాడమన్నారు. నేను శాస్త్రవేత్తను కాదు. ఇరవై ఎనిమిదేళ్ళు ప్రభుత్వ బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. చేవెళ్ళ దాటాక వికారాబాద్ రోడ్డు పక్కన మాకు నాలుగు వందల గజాల జాగా ఉంది. అందులో ఇల్లు, వెనక పెరడు, పైన మిద్దె. తొమ్మిదేళ్ళుగా తేనె పెట్టెలు పెడుతున్నాను. ఇప్పుడు మూడున్నాయి. ఒకప్పుడు ఆరుండేవి. ఒక ఏడాది సున్నా. ఆ సున్నా ఎలా వచ్చిందో ముందు చెప్తాను.

మొదటి పెట్టె అక్టోబరులో తెచ్చుకున్నాను. పెట్టె ఇచ్చినాయన "ఇది న్యూటన్ పెట్టెమ్మా" అన్నాడు. లెక్కల టీచరును కదా, ఆ న్యూటన్‌కి తేనెటీగలతో ఏం పని అని ఆశ్చర్యపోయాను. ఈయన వేరే న్యూటన్. 1910ల్లో తమిళనాట ఉన్న పాద్రీ. పుట్టల్లో, చెట్టు తొర్రల్లో పట్టు పెట్టే మన నాటు ఈగ సైజుకి సరిపోయేలా చిన్న పెట్టె చేయించి ఊళ్ళవాళ్ళకి నేర్పించాడు. మా ఇంట్లో ఉన్నవీ ఆ నాటు ఈగలే. చేలల్లో వందల పెట్టెలు వరసగా పెట్టి తేనె తీసేవాళ్ళు పెంచేది చాలావరకు ఐరోపా ఈగ. అది పెద్దది, తేనె ఎక్కువ ఇస్తుంది, తిండీ ఎక్కువే అడుగుతుంది. పెరట్లో రెండు మూడు పెట్టెలు పెట్టుకునేవాళ్ళకి నాటు ఈగ చాలని నా అభిప్రాయం.

సరే, పెట్టె వచ్చింది. నేర్పేవాళ్ళు దగ్గర లేరు. ఫోన్‌లో వీడియోలు చూశాను. ఒకటీ రెండూ కాదు, రాత్రి పదకొండింటి దాకా చూసేదాన్ని. ఆ వీడియోలు తీసినవాళ్ళందరూ మంచు పడే దేశాల వాళ్ళు. చలికాలం రాకముందే పెట్టెకి దుప్పటి కప్పండి, గుమ్మం చిన్నది చేయండి, తిండి పెట్టండి, ఇక మూత తీయకండి అంటారు. నేనూ శ్రద్ధగల స్టూడెంటులా అన్నీ చేశాను. నవంబరు మొదటివారానికల్లా పెట్టె చుట్టూ రెండు గోనెసంచులు కట్టాను. గుమ్మాన్ని వేలు పట్టేంత సందుకు తగ్గించాను. గాలి ఆడే కన్నాలకి మట్టి మెత్తాను. రోజు విడిచి రోజు పంచదార పాకం పోశాను.

డిసెంబరు వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం ఈగలన్నీ పెట్టె ముందు గెడ్డంలా వేలాడుతున్నాయి. పాపం, చలికి ఒకదాన్నొకటి పట్టుకుని కూచున్నాయనుకున్నాను. ఇంకో గోనెసంచి వెతుకుతుంటే, మా వీధిలోకి అప్పుడప్పుడు అడవి తేనె అమ్ముకోవడానికి వచ్చే ఒక ముసలాయన చూశాడు. "అమ్మా, అవి చలికి కాదు, ఉక్కకి బయటికొచ్చినయి. నీకు ఈ ఎండల దుప్పటి కప్పితే ఇంట్ల ఉంటవా?" అన్నాడు.

మూత తీసి చూస్తే లోపల నీళ్ళు. చెమ్మ ఆవిరై పోయే దారి లేక మూత కింద బొట్లు కట్టి పట్టు మీద పడుతోంది. ఒక మూల బూజు కూడా పట్టింది. రాణి ఈగ గుడ్లు పెట్టాల్సిన గదులన్నిట్లో నేను పోసిన పాకం నిండి ఉంది. గోనెలు ఊడదీశాను, కన్నాలు తెరిచాను. బతికాయి. ఫిబ్రవరిలో రెండు కిలోలు తీశాను. అది తేనె అనడం మర్యాద కోసం. సగానికి పైగా మా రేషన్ పంచదారే.

అసలు నష్టం తర్వాత జరిగింది. చలికాలం గండం గడిచిందని హాయిగా ఉన్నాను. ఎండాకాలం పోయింది, వానలు పడ్డాయి, ఊరంతా పచ్చగా అయింది. ఇంత పచ్చదనంలో ఈగలకి తిండి లేకపోవడమేమిటి అనుకున్నాను. ఆగస్టులో ఒకరోజు పెట్టె ఎత్తితే ఖాళీ పెట్టెలా తేలిపోయింది. ఈగలు లేచిపోయాయి. చచ్చిన ఈగలు కూడా లేవు. మైనం పురుగు పట్టంతా సాలెగూడులా అల్లేసింది. మన నాటు ఈగకి అదొక గుణం. తిండి లేకపోతే కూచుని చావదు, ఇల్లు వదిలి పోతుంది.

ఇక్కడ నా లెక్క ఎక్కడ తప్పిందో చెప్తాను. పుస్తకాల్లో, వీడియోల్లో "చలికాలం" అని రాసినచోటల్లా మనం "వానాకాలం" అని చదువుకోవాలి. తేనెటీగకి గండం చలితో రాదు, పువ్వు లేకపోతే వస్తుంది. మంచు దేశంలో పువ్వు లేనిది డిసెంబరులో. మా దగ్గర జూన్ నుంచి సెప్టెంబరు దాకా. ఆ కాలంలో జొన్న, మొక్కజొన్న పుప్పొడి ఇస్తాయి, మకరందం ఇవ్వవు. కూర ఉంది, అన్నం లేదు అన్నట్టు. పైగా వాన పడుతుంటే ఈగ బయటికే పోలేదు. కాబట్టి గుమ్మం తగ్గించడం, పాకం పోయడం, బలం లేని రెండు పెట్టెలను ఒకటి చేయడం, ఊరికే మూత తీయకుండా ఉండటం, ఇవన్నీ మనకి ఆషాఢ శ్రావణాల పనులు. పాకం అంటే బరువుకి బరువు తెల్ల పంచదార, నీళ్ళు. బెల్లం వద్దు, వాటి కడుపు చెడుతుంది. సాయంత్రం పోయండి. పగలు పోస్తే ఆ వాసనకి చీమలతో పాటు పక్క పెట్టె ఈగలూ దోపిడీకి వస్తాయి.

నాకు మనవరాలి వరసయ్యే ఒకమ్మాయి అమెరికాలో, మిషిగన్‌లో ఉంటుంది. నన్ను చూసి తనూ రెండు పెట్టెలు పెట్టింది. వాళ్ళ చలికాలం గురించి తను చెప్తుంటే నాకు పౌరాణికం విన్నట్టు ఉంటుంది. అక్టోబరులో ఒక్కో పెట్టెలో ముప్పై కిలోలకు తగ్గకుండా తేనె వదిలేయాలట. తీసుకుంటే ఈగలు చస్తాయి. మూత వేశాక వసంతం వచ్చేదాకా లోపలి పట్టు కదపరు. ఈగలు నిద్రపోతాయని చాలామంది అనుకుంటారు. నిద్రపోవు. రాణిని మధ్యలో పెట్టుకుని బంతిలా గుమిగూడతాయి. రెక్కలు ఆడించకుండా, రెక్కల్ని ఆడించే ఛాతీ కండరాల్ని మాత్రం వణికిస్తాయి. ఆ వణుకుతోనే వేడి పుడుతుంది. బయటి వరసలో ఉన్నవి లోపలికి, లోపలివి బయటికి మారుతూ ఉంటాయి. ఎండాకాలంలో పుట్టిన ఈగ ఐదారు వారాలు బతికితే, చలికి ముందు పుట్టిన ఈగ ఐదారు నెలలు బతుకుతుంది. కడుపు బిగబట్టుకుని ఉండి, కాస్త ఎండ వచ్చిన రోజున బయటికి ఎగిరి మంచు మీద పసుపు చుక్కలు పెట్టి వస్తాయి. మా మనవరాలు ఆ ఫోటో పంపింది. "అమ్మమ్మా, ముగ్గు పెట్టాయి చూడు" అని.

అక్కడ చలి రాగానే పోతుటీగల్ని ఇంట్లోంచి గెంటేస్తాయి. పని చేయవు, తిండి దండగ అని. మన దగ్గర సరిగ్గా తలకిందులు. సంక్రాంతి దాటుతుండగానే పోతుటీగలు పుట్టడం మొదలవుతుంది. నాటు ఈగ పట్టులో పోతుటీగ గది గుర్తుపట్టడం తేలిక. మూత పొడుచుకు వచ్చి, నడిమధ్యలో సూది గుచ్చినట్టు చిన్న కన్నం ఉంటుంది. అది కనబడిందంటే ఇల్లు నిండింది, పట్టు రెండుగా విడిపోవడానికి చూస్తోందని అర్థం. ఖాళీ పెట్టె సిద్ధంగా పెట్టుకోండి. లేకపోతే సగం ఈగలు పక్కింటి వేపచెట్టుకి వేలాడతాయి, మీరు నిచ్చెన పట్టుకుని వాళ్ళ గేటు ముందు నిలబడాలి. నేను నిలబడ్డాను.

అయితే మన చలి చలి కాదా? చలే. "మాఘమాసంలో మాకులు వణుకుతాయి" అని ఊరికే అనలేదు. మా దగ్గర రాత్రిళ్ళు 12, 13 డిగ్రీలు, గాలి గట్టిగా తిరిగిన రోజుల్లో పదికి లోపలకీ పడుతుంది. ఆదిలాబాద్ వైపు 5, 6 చూస్తారు. లంబసింగి సంగతి చెప్పక్కర్లేదు. కానీ పదింటికల్లా ఎండ వస్తుంది కదా, ఈగకి అది చాలు. పిల్లలున్న పట్టును అవి 34, 35 డిగ్రీల దగ్గర ఉంచుకుంటాయి. బయట ఎంతున్నా లోపల అంతే. అందుకే ఈ నెలల్లో మూత తీసేముందు గడియారం చూడండి. పొద్దున పదిన్నర తర్వాత, గాలి లేని రోజున, ఐదు నిమిషాల్లో పని అయిపోవాలి. ఒక్కో ఫ్రేము, అంటే పట్టు కట్టిన చెక్క చట్రం, పైకెత్తి ఫోటోలు తీసుకుంటూ చుట్టాలకి చూపిస్తుంటే పిల్లపురుగులు చల్లబడి చస్తాయి. మూడు విషయాలు చూస్తే చాలు. గుడ్లు ఉన్నాయా, తేనె ఎంతుంది, పిల్లపురుగులు ముత్యంలా తెల్లగా ఉన్నాయా. పురుగు నీళ్ళ సంచిలా ఉబ్బి తల పైకెత్తి ఉంటే మాత్రం ఆ పెట్టె సామాను వేరే పెట్టెకి తగలనివ్వకండి. 1990ల మొదట్లో దక్షిణాదిలో నాటు ఈగల పెట్టెల్ని ఊళ్ళకి ఊళ్ళు ఖాళీ చేసిన వైరస్ జబ్బు అదే.

పెట్టె పెట్టే చోటు గురించి ఒకటి. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి పోతాడు. జూన్‌లో ఎండ పడే చోట డిసెంబరులో పక్కింటి గోడ నీడ పడొచ్చు. మా మూడో పెట్టె ఈగలు మిగతావాటికంటే గంట ఆలస్యంగా లేస్తుంటే బద్ధకం అనుకున్నాను. గోడ నీడ. నాలుగడుగులు జరపాల్సి వచ్చింది. రాత్రికి రాత్రి నాలుగడుగులు జరిపితే ఈగలు పాత చోటుకే వచ్చి తిరుగుతాయి కాబట్టి, రోజుకో అడుగు చొప్పున జరిపాను. గుమ్మం తూర్పుకో ఆగ్నేయానికో ఉంటే మొదటి ఎండ తగులుతుంది. ఇది వాస్తు కాదు, ఎండ లెక్క.

ఇప్పుడు తోటలోకి వద్దాం. దసరా తర్వాత మా చుట్టుపక్కల ఏం పూస్తాయో వరసగా చూడండి. ముందు తులసి. కార్తీకంలో కోటలోని తులసి వెన్నుల మీద తెల్లారిన దగ్గర్నుంచి ఈగలే. వెన్నులు గిల్లేస్తే మొక్క గుబురుగా వస్తుందని గిల్లుతాం. ఒక మొక్క గిల్లండి, ఒకటి వదిలేయండి. తర్వాత కుంకుడు చెట్టు. ఆ పూత చూడ్డానికి ఏమీ ఉండదు కానీ చెట్టు కిందకి పోతే మోటారు ఆడినట్టు చప్పుడు. నవంబరు, డిసెంబరుల్లో కంది. తాండూరు కందిపప్పు పేరు మీరు వినే ఉంటారు, 2022లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ చేల అంచులు మా దాకా వస్తాయి. అరకు వైపైతే వలిసెలు. ఆ పసుపు చేలలో ఫోటోలు దిగడానికి మనం కార్లేసుకుని పోతాం, ఈగలు సంక్రాంతి సరుకు తెచ్చుకోవడానికి పోతాయి. జనవరిలో ధనియాలు, ఆవాలు, మునగ. ఫిబ్రవరిలో కుసుమలు. ఆ తర్వాత వేప, కానుగ. ఇంకేం కావాలి?

మిద్దె మీద కుండీలున్నవాళ్ళు అడుగుతారు, మేమేం చేయగలం అని. మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. దానికి ఈగల వాటా అని పేరు పెట్టాను. కొత్తిమీర పాతిక కుండీల్లో వేస్తే రెండు కుండీలు కోయను. ముల్లంగి నాలుగు పీకను. ఆవాలు వంటింటి డబ్బాలోవే పిడికెడు చల్లుతాను. అవన్నీ జనవరికి పూస్తాయి. కొత్తిమీర పూత మీద వచ్చేది ఒక్క తేనెటీగే కాదు, మన కళ్ళకి ఆనని సన్న ఈగలు, పేనుబంకను తినే అక్షింతల పురుగులు కూడా. చిక్కుడుకి పేనుబంక పట్టినప్పుడు నేను మందు కోసం పరిగెత్తడం మానేసింది ఈ కుండీలు పెట్టాకే. బంతి విషయంలో మాత్రం జాగ్రత్త. ముద్దబంతి దండకి బాగుంటుంది, ఈగకి దాంట్లో పెద్దగా ఏమీ దొరకదు. రేకులు తక్కువున్న నాటుబంతి వేయండి. గడ్డిచామంతిని కలుపు అని పీకేస్తాం కదా, గోడ వారన కాస్త ఉండనివ్వండి.

మిగతా పనులు మీకు తెలిసినవే. నీళ్ళు సాయంత్రం కాకుండా పొద్దున పోయండి, రాత్రంతా ఆకు తడిగా ఉంటే తెగుళ్ళు వస్తాయి. రాలిన ఆకులు కాల్చకుండా కుండీల మీద పరచండి. వేపనూనె కొట్టాలంటే ఈగలు ఇంటికి పోయాక, పొద్దుగూకాక కొట్టండి. అంతే.

గుమ్మడి గురించి మాత్రం కాసేపు మాట్లాడాలి. ధనుర్మాసంలో గొబ్బెమ్మల మీదకి గుమ్మడిపూలు కావాలి. మా వీధి ఆడపిల్లలకి మా పెరడే దిక్కు. గుమ్మడిపూవు తెల్లారకముందే విచ్చుకుని పదింటికల్లా ముడుచుకుంటుంది. పూవుకి ఉన్నది ఆ నాలుగు గంటలే. ఈ చలిలో మా ఈగలు ఎనిమిదిన్నరకి గానీ లేవవు. అంటే మిగిలింది గంటన్నర. దానికి తోడు పిల్లలు ఆరింటికే వచ్చి మగపూలన్నీ కోసుకుపోతారు. ఒక ఏడాది నలభై ఆడపూలు పూసి రెండే కాయలు నిలిచాయి. తీగకి జబ్బనుకుని ఎరువు మీద ఎరువు వేశాను. జబ్బేమీ లేదు, పుప్పొడి అందలేదు. ఇప్పుడు పిల్లలతో ఒప్పందం చేసుకున్నాం. పూవు కింద బుల్లి గుమ్మడికాయ ఉంటే అది ఆడపూవు, ముట్టుకోవద్దు. సన్నని కాడ ఉంటే మగపూవు. కోసే ముందు ఆ మగపూవుని ఒక్కో ఆడపూవులో మెల్లగా రెండుసార్లు అద్దాలి, తర్వాత గొబ్బెమ్మకి తీసుకుపోవచ్చు. గొబ్బెమ్మకి పుప్పొడి తగ్గితే దోషమేమీ లేదు కదా. పోయినేడు పద్నాలుగు కాయలు. పిల్లలు వాటిమీద పేర్లు కూడా రాసుకున్నారు. సొర, బీర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి, వాటికి రాత్రి తిరిగే చిమ్మటలు ఉన్నాయి. వాటి కోసం తేనెటీగల్ని తిట్టకండి.

కంది దగ్గరికి మళ్ళీ వస్తాను, అక్కడే నాకు పెద్ద దెబ్బ తగిలింది. నాలుగేళ్ళ కింద డిసెంబరులో ఒక మధ్యాహ్నం పెట్టెల ముందు నేలంతా ఈగలు. గిరగిరా తిరుగుతూ, నాలుక బయటికి చాచి చస్తున్నాయి. ఎదురుగా ఉన్న కందిచేలో ఆ పొద్దున మందు కొట్టారు. పూత మీద శనగపచ్చ పురుగు పడితే కాయ దక్కదు, రైతు కొట్టక ఏం చేస్తాడు? నేను ఏడుపు మొహంతో పోయి అడిగితే ఆయన "అక్కా, పురుగు నీ ఈగల్ని అడిగి వస్తదా?" అన్నాడు. కోపం వచ్చింది కానీ మాట నిజం. పైగా కంది, తేనెటీగ రాకపోయినా కాస్తుంది. పొద్దుతిరుగుడు రైతుకైతే నా ఈగలు కావాలి, ఈయనకి అక్కర్లేదు. "ఈగలు లేకపోతే పంట లేదు" అని సభల్లో చెప్పే మాట అక్కడ చెల్లలేదు.

రెండు రోజులాగి మళ్ళీ పోయాను. ఈసారి ఒక్కటే అడిగాను. కొట్టే ముందు రోజు రాత్రి ఒక ఫోన్ చేయి తమ్ముడూ, కుదిరితే సాయంత్రం ఐదు తర్వాత కొట్టు. ఫోన్ వస్తే పొద్దున చీకటితోనే గుమ్మాలకి ఇనుప జాలీ కొట్టి మధ్యాహ్నం దాకా మూసేస్తాను. గుడ్డ కుక్కకూడదు, గాలి ఆడాలి. చలికాలం కాబట్టి తట్టుకుంటాయి, ఇదే పని ఏప్రిల్‌లో చేస్తే ఉడికిపోతాయి. ఆయన ఇప్పుడు ఎక్కువగా సాయంత్రమే కొడుతున్నాడు. నా కోసం అని చెప్పడు. ఎండలో ట్యాంకు మోయలేక అంటాడు. ఏదైతేనేం.

రేపెల్లుండి భోగి కాబట్టి ఇంకో ముచ్చట. మా గోడకి ఆనుకుని అవతల ఒక ఏడాది భోగిమంట వేశారు. తెల్లవారుజాము నాలుగున్నర. పాత టైర్లు కూడా వేశారని వాసనే చెప్పింది. తేనె పెట్టె తెరిచేటప్పుడు మనం పొగ పెడతాం కదా, అది ఎందుకు పనిచేస్తుందంటే పొగ తగలగానే ఈగలు ఇల్లు తగలబడుతోందనుకుని కడుపునిండా తేనె తాగి పోవడానికి సిద్ధమవుతాయి, కుట్టే ధ్యాస తగ్గుతుంది. అది రెండు పీల్పుల పొగ. ఇక్కడ గంటసేపు. ఈగలు గుంపులుగా బయటికొచ్చాయి. ఆ చలికి ఎగరలేక ఎక్కడివక్కడ నేల మీద పడిపోయాయి. నేను టార్చి పట్టుకుని, పెళ్ళిపత్రిక అట్టతో ఒక్కొక్క గుప్పెడు చేటలోకి ఎత్తాను. మా ఆయన "చచ్చినవాటిని ఎత్తి ఏం చేస్తావు" అన్నారు. చేట తీసుకెళ్ళి మిద్దె మీద మొదటి ఎండ పడే చోట పెట్టాను. ఏడున్నరకి ఒకటి కాలు కదిపింది. తర్వాత ఇంకోటి. చలికి బిగుసుకున్న ఈగ చచ్చినట్టే ఉంటుంది, వెచ్చబడితే లేస్తుంది. ఎనిమిదింటికి చేటలో సగం లేచి పెట్టెలోకి పోయాయి. మిగతా సగం లేవలేదు. తర్వాతి ఏడాది నుంచి మంట వీధి చివరికి జరిగింది. దానికి బదులుగా పిడకలన్నీ నేనే ఇస్తున్నాను.

తేనె తీయడం. ఇప్పుడే తొందరపడకండి. గదులకి మైనం మూతలు ముప్పావు వంతైనా పడాలి. మూత పడని తేనె తీస్తే నీళ్ళు ఎక్కువ ఉంటాయి, పులుస్తుంది. నీళ్ళు నూటికి ఇరవై పాళ్ళు మించకూడదని మన ఆహార భద్రత నిబంధన. నాకు పోయినేడు మూడు పెట్టెలకీ కలిపి తొమ్మిది కిలోలు. దీంట్లో లాభం లెక్కేయకండి. లెక్కల టీచరును, వేసి చూశాను, బాగోలేదు.

ఎవరో చెయ్యెత్తారు. చెప్పండమ్మా.

(ఒకావిడ: ఇంట్లో పెట్టిన తేనె గడ్డకట్టింది మేడం, చక్కెర కలిపారేమో?)

ప్రతి జనవరిలో నాకు పది ఫోన్లు ఈ ప్రశ్నతోనే వస్తాయి. నేనిచ్చిన సీసాలే వెనక్కి తెచ్చినవాళ్ళు ఉన్నారు, మొహమాటపడుతూ. తేనెలో రకరకాల చక్కెరలుంటాయి. గ్లూకోజు పాలు ఎక్కువున్న తేనె చలికి పేరుకుంటుంది. 14 డిగ్రీల దగ్గర తొందరగా పేరుకుంటుంది, మన జనవరి రాత్రులు సరిగ్గా అవే. ఆవాల తేనె, పొద్దుతిరుగుడు తేనె మరీ త్వరగా. కాబట్టి పేరుకుంటే కల్తీ అని కాదు. పేరుకోకపోయినా కల్తీ అని కాదు. నీళ్ళలో బొట్టు వేయడం, అగ్గిపుల్ల ముంచి గీయడం, న్యూస్‌పేపర్ మీద పోయడం, ఇవేవీ నమ్మకండి. 2020 డిసెంబరులో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ వాళ్ళు 13 బ్రాండ్ల తేనె పరీక్ష చేయిస్తే, ఎన్‌ఎంఆర్ అనే పెద్ద పరీక్షలో 10 బ్రాండ్లు తప్పాయి. మామూలు పరీక్షలు దాటేసేలా పాకాలు తయారవుతున్నాయని వాళ్ళు చెప్పారు. లాబొరేటరీకే కష్టమైనది మన అగ్గిపుల్లకి దొరుకుతుందా? కరిగించాలంటే చెయ్యి పట్టేంత వేడి నీళ్ళలో సీసా పెట్టండి, పొయ్యి మీద పెట్టకండి. ఇంకో మాట, ఏడాది నిండని పిల్లల నాలుకకి తేనె రాయకండి. పెద్దవాళ్ళు చెప్పినా సరే. దాంట్లో ఉండగల ఒక సూక్ష్మజీవి ఆ వయసు కడుపుకి ప్రమాదం.

(ఒకాయన: మా అపార్ట్‌మెంట్ ఐదో అంతస్తు కింద పెద్ద పట్టు పెట్టింది. తీయించేయమంటున్నారు.)

అది కొండ తేనెటీగ. పెట్టెలో ఉండదు, గాలికీ వెలుతురుకీ ఒకే పెద్ద పట్టు వేలాడదీస్తుంది. పూల కాలంలో వస్తుంది, పూలు అయిపోగానే తనే పోతుంది. కోపం వస్తే మాత్రం గుంపుగా తరుముతుంది, దాంతో పరాచికాలు వద్దు. కిటికీకి మరీ దగ్గర కాకపోతే నాలుగు నెలలు ఓపిక పట్టండి. ఆ వైపు బాల్కనీలో రాత్రిపూట లైటు తీసేయండి, వెలుతురుకి వస్తాయి. సంక్రాంతికి గాలిపటం దారాలు ఆ పట్టుకి తగలకుండా పిల్లలకి చెప్పండి. ఇది మాత్రం నిజంగా ప్రమాదం. తీయించక తప్పదనుకుంటే తెలిసినవాళ్ళతో, కాల్చకుండా.

(ఇంకొకరు: ఇప్పుడు పెట్టె కొనొచ్చా?)

ఇప్పుడే కొనాలి. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది, ఆలోపు పెట్టె కుదురుకుంటే వేప, కానుగ పూత అందుతుంది. వానల్లో కొంటే మొదటిరోజు నుంచీ పాకం పోయాలి. కొనే ముందు ఎక్కడైనా నాలుగు రోజులు నేర్చుకోండి. పుణేలో 1962 నుంచి కేంద్ర తేనెటీగల పరిశోధన, శిక్షణ సంస్థ ఉంది. ఖాదీ కమిషన్ వాళ్ళ హనీ మిషన్ అనే తేనెటీగల పథకం ఉంది. అంత దూరం పోలేకపోతే మా ఇంటికి రండి, పదిన్నర తర్వాత రండి. ఒక్కటే షరతు. సెంటు కొట్టుకుని రాకండి, నల్ల బట్టలు వద్దు.

ఇక ముగిస్తాను, భోజనాలు ఆలస్యమవుతున్నాయి. నేను తెచ్చిన రెండు సీసాలు ఆ బల్ల మీద ఉన్నాయి. రెండూ పేరుకున్నవే, కావాలనే తెచ్చాను. వంచితే కారదు, చెంచాతో తవ్వుకోండి.